అవిజ్ఞాతగర్భము

గర్భపాతనము ధర్మ్యమా అధర్మ్యమా, దండ్యమా అదండ్యమా అను చర్చ మన దేశమునకు క్రొత్తది కాదు. ఇది పాశ్చాత్య విద్యతోపాటు దిగివచ్చిన వివాదమని కొందఱు తలంతురు. మన పూర్వులు దీనిని మహాపాతకమని యొక్కమాటతో త్రోసివేసి యూరకుండిరని మఱికొందఱు తలంతురు. ఈ రెండభిప్రాయములును సమగ్రములు కావు. స్మృతికర్తలు, వైద్యాచార్యులు, మహమ్మదీయ న్యాయవేత్తలు, ఆంగ్లేయ శాసనకర్తలు, స్వతంత్ర భారత శాసనసభ్యులు వేర్వేఱు కాలములందు ఈ విషయమును విచారించియే యున్నారు. వారి విచారమంతయు మూడు ప్రశ్నల చుట్టును తిరిగినది. గర్భమునకు ఎన్నవ మాసమున ప్రత్యేక జీవత్వము సిద్ధించును? గర్భస్థశిశువు ఎవరి సొత్తు? ఆ విషయమున తుదిమాట చెప్పవలసినవారెవరు? ఈ మూడింటికిని ఆయా కాలములవారు చెప్పిన సమాధానములను వరుసగా పరిశీలించుట ఈ వ్యాసమున కుద్దేశము.

ఇట్టి పరిశీలనమునకు వికారాబాదు తాండూరు ప్రాంతము తగిన నెలవు. అనంతగిరి కొండలలో పుట్టిన మూసీనది తూర్పుగా హైదరాబాదునకు పోవును. ఈ సీమకు వాయవ్యమున చాళుక్యుల రాజధానియగు కల్యాణము, పడమటి దెస బహమనీల గుల్బర్గా, తూర్పున గోలకొండ కలవు. మితాక్షర పుట్టిన కల్యాణ రాజ్యమును, మహమ్మదీయ ధర్మము చెల్లిన సుల్తానుల రాజ్యములును, నిజాముల సంస్థానమును క్రమముగా ఈ నేలను పాలించినవి. వికారాబాదునకు పాయెగా ప్రభువగు వికారుల్ ఉమ్రా పేర ఆ పేరు వచ్చినది. హైదరాబాదునుండి వాడివఱకు 1874లో వేసిన ఇనుపదారి ఈ రెండూళ్లమీదుగనే పోవును. తాండూరు 1956 వఱకు గుల్బర్గా జిల్లాలోనిదై, రాష్ట్ర పునర్విభజనముతో ఆంధ్రప్రదేశమున చేరెను. 1978లో ఈ రెండు తాలూకాలును రంగారెడ్డి జిల్లాలోనికి వచ్చినవి. 2016 అక్టోబరు 11వ తేదీని వికారాబాదు ప్రత్యేక జిల్లాయై తాండూరును తనలో చేర్చుకొన్నది. ఏలికలు మాఱినకొలదిని ఇచటి స్త్రీకి వర్తించు ధర్మమును మాఱుచు వచ్చినది.

ముందుగా శబ్దవిచారము. భ్రూణశబ్దమునకు గర్భస్థశిశువని రూఢి. కొన్ని ధర్మసూత్రములలో వేదవేదాంగవేత్తయగు బ్రాహ్మణుడనియు అర్థము కలదు. ఈ రెండర్థముల కలయిక యాదృచ్ఛికము కాదు. వైదిక వాఙ్మయమున పాపులను పరంపరగా లెక్కించునపుడు భ్రూణఘ్నునకు తుదిస్థానము, అనగా ఘోరతమ స్థానము, లభించినది. గౌతముడు స్త్రీకి పాతిత్యహేతువులను చెప్పుచు హీనవర్ణసేవతో పాటు భ్రూణహత్యను పేర్కొనెను. యాజ్ఞవల్క్యుడు వీనికి భర్తృవధను చేర్చెను. గర్భమునకు, భర్తకు ద్రోహము చేసిన స్త్రీలకు ఉదకదానము తగదని మనువు చెప్పెను. గర్భమును, భర్తను ఒక్కచోట చెప్పుటను గమనింపవలెను. గర్భము భర్తృవంశమునకు చెందిన నిక్షేపమనియు, దానిని చెఱచుట వంశద్రోహమనియు స్మృతికర్తల భావము. రెండవ ప్రశ్నకు వారి సమాధానమిదియే.

ప్రాయశ్చిత్త విషయమున మనువు వాడిన విశేషణమొకటి మిక్కిలి విచారణీయము. అవిజ్ఞాతగర్భమును చంపినవానికి బ్రహ్మహత్యాప్రాయశ్చిత్తమే విధి. అవిజ్ఞాతమనగా స్త్రీయా పురుషుడా యని తెలియనిదని వ్యాఖ్యాతల వివరణము. వసిష్ఠుడు ఇందుకు హేతువును చెప్పెను: తెలియని గర్భములు పురుషులగుటకు అవకాశము కలదు. అనగా గర్భమునకు కలిగిన రక్షణము కొంతవఱకు సందేహమునుండి కలిగినది. పుట్టబోవువాడు యజ్ఞకర్తయగు పురుషుడు కావచ్చునను సంభావనమే దానికి కవచమైనది. యాజ్ఞవల్క్యుడు ప్రాయశ్చిత్తమును గర్భముయొక్క వర్ణముననుసరించి విధించెను. ఈ వాదమున కరుణ లేదని చెప్పరాదు కాని, ఆ కరుణ తూకము వేసి పంచినది. గర్భముయొక్క లింగము తెలిసిపోవు కాలము వచ్చినచో ఈ కవచమేమగును అను ప్రశ్న స్మృతికర్తలకు తోపలేదు. అట్టి కాలము వారి యూహకందనిది. అది ఇరువదవ శతాబ్దమున వచ్చినది. దానిని ముందు చూడనగును.

ప్రాయశ్చిత్తము వేఱు, రాజదండము వేఱు. కౌటిల్యుని అర్థశాస్త్రమున పాపపుణ్యముల ప్రసక్తి లేదు. కొట్టి గర్భమును పడగొట్టినవానికి ఉత్తమసాహస దండము, మందిచ్చి పడగొట్టినవానికి మధ్యమము, క్లేశపెట్టి పడగొట్టినవానికి ప్రథమము. చేసినవాని క్రౌర్యమునుబట్టి దండము హెచ్చుతగ్గులుగా నున్నది. యాజ్ఞవల్క్యుడును వ్యవహారాధ్యాయమున గర్భపాతనమునకు ఉత్తమదండమును విధించెను. ఆయనయే మహాదోషము చేసిన స్త్రీకి జలప్రవేశ శిక్షను చెప్పుచు, ఆమె గర్భిణియైనపుడు మాత్రము అది తగదనెను. తల్లి శిక్షార్హురాలైనను శిశువు కాదను న్యాయదృష్టి ఇందు స్పష్టముగా నున్నది. ఆ దృష్టిలో తల్లి ఎవరు, ఎందుకు అట్టి పనికి పాల్పడెను అను విచారణ మాత్రము లేదు.

యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షర కల్యాణ నగరమున ఆఱవ విక్రమాదిత్యుని పాలనమున, అనగా 1076 – 1126 సంవత్సరముల నడుమ, వెలసినది. పిదప నది బంగాళము తప్ప భారతదేశమంతట ప్రామాణికమైన ధర్మగ్రంథమైనది. పదుమూడవ శతాబ్దమున తిక్కన శిష్యప్రాయుడగు మూలఘటిక కేతన దానిని విజ్ఞానేశ్వరమను పేర తెనుగుపద్యములలోనికి తెచ్చెను. దేశభాషలో ధర్మశాస్త్రము వెలయుట సామాన్యమైన సంగతి కాదు. సంస్కృతము రాని గ్రామపెద్దలకును ఆచార వ్యవహార ప్రాయశ్చిత్తములు తెలియుటకు దాని వలన వీలు కలిగినది. కల్యాణమున పుట్టిన న్యాయము తెలుగుపల్లెకు చేరిన మార్గములలో కేతన గ్రంథమొకటి. దశకుమారచరిత్రమునకును, ఆంధ్రభాషాభూషణమునకును పండితులిచ్చు గౌరవము ఈ గ్రంథమునకు లభింపలేదు. స్త్రీల చరిత్రను వ్రాయబూనువారు దానిని తప్పక తెఱచి చూడవలెను.

ధర్మశాస్త్రము వంశమును చూచినది, వైద్యశాస్త్రము దేహమును చూచినది. సుశ్రుతుడు శారీరస్థానమున గర్భముయొక్క మాసక్రమమును వివరించుచు, నాలుగవ మాసమున అంగప్రత్యంగములు స్ఫుటములగుననియు, చేతనాధాతువు అభివ్యక్తమగుననియు చెప్పెను. అప్పుడు తల్లి రెండు హృదయములు గలది యగును. దౌహృదమను మాట ఇందుండియే వచ్చినదని ఆయన వ్యుత్పత్తి. గర్భిణీస్త్రీల కోరికలను తీర్పవలెనను మన యింటింటి యాచారమునకు ఇదియే శాస్త్రమూలము. చికిత్సాస్థానమున మూఢగర్భమును, అనగా అడ్డుపడి వెలికిరాని గర్భమును, గూర్చి చెప్పుచు, బ్రతికియున్న శిశువును శస్త్రముతో కోయరాదని నిషేధించెను. అట్లు చేసిన తల్లియు శిశువును నశింతురు. శిశువు మృతమైనచో క్షణమైనను ఉపేక్షింపక తీసివేసి తల్లిని కాపాడవలెను. ఇట్టి క్రియకు పూనుకొనుటకు ముందు అధిపతి యనుమతిని పొందవలెననియు ఆయన నియమించెను. ప్రాణాపాయమున నున్నది తల్లి, అనుమతి నీయవలసినవాడు అధిపతి. మూడవ ప్రశ్నకు ప్రాచీన సమాధానము ఈ యొక్క విధిలోనే యిమిడియున్నది.

దక్కనున సుల్తానుల పాలనము నెలకొనిన పిమ్మట దండనీతియందు మహమ్మదీయ ధర్మము ప్రవర్తిల్లెను. నిజాముల కాలమున హనఫీ సంప్రదాయము ప్రధానము. గర్భమునకు నూటయిరువది దినములు నిండినపిదప ప్రాణప్రవేశము కలుగునని ఆ ధర్మవేత్తల మతము. అంతకుముందు తగిన కారణమున్నచో గర్భస్రావము చేసికొనవచ్చునని హనఫీలలో పలువు రంగీకరించిరి. కారణమేదైనను కూడదనినవారును కలరు. పరులు గర్భమును పడగొట్టినచో గుర్రా యను పరిహారమును చెల్లింపవలెను. అది పూర్ణమానవుని ప్రాణమూల్యమున ఇరువదియవ వంతు. శిశువు సజీవముగా వెలువడి చనిపోయినచో పూర్ణమూల్యమును చెల్లింపవలెను. స్త్రీ తానే భర్త యనుమతిలేక మందు త్రాగి గర్భమును పోగొట్టుకొనినను పరిహారము తప్పదు. భర్త యనుమతించినచో అది లేదు. సుశ్రుతుని నాలుగవ మాసమును, హనఫీల నూటయిరువది దినములును ఒక్కటే లెక్క. పరస్పర సంబంధము లేని రెండు శాస్త్రములు ఈ విషయమున ఒక్కచోట కలిసికొనుట విచిత్రము. అయినను కారణము సుబోధము. శిశువు కదలికను తల్లి తెలిసికొనునది రమారమి ఆ కాలముననే. ఇరు శాస్త్రములకును మూలసాక్షి తల్లియే. ఆమె చెప్పిన సాక్ష్యమును గ్రహించి, తీర్పును మాత్రము ఇతరుల కొప్పగించిరి.

ఆంగ్లేయ ధర్మమునను ఈ కదలికకే ప్రాధాన్యము కలదు. 1837లో మెకాలే ప్రభృతులు సిద్ధపఱచిన చిత్తుప్రతి 1860లో భారత శిక్షాస్మృతిగా శాసనమై, 1862 జనవరి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. దాని 312వ సెక్షను ననుసరించి గర్భపాతనము చేయించినవారికి మూడేండ్ల వఱకు చెఱ. గర్భమున శిశువు కదలుచున్న దశలోనైనచో ఏడేండ్ల వఱకు. స్త్రీ తనంతట తాను చేసికొనినను అపరాధమే. తల్లి ప్రాణరక్షణార్థము సద్బుద్ధితో చేసినదానికి మాత్రము మినహాయింపు. 313వ సెక్షనున స్త్రీ సమ్మతిలేక చేసినవారికి యావజ్జీవదండనము వఱకు విధింపవచ్చునని కలదు. స్త్రీ సమ్మతి యనునది శాసనమున ఒక గణనీయమైన విషయముగా ఇచట కనబడుచున్నది. కాని ఆమె సమ్మతి పరుని నేరమును తగ్గించునేగాని ఆమె నేరమును పోగొట్టదు.

చిత్తుప్రతి కూర్చినవారికి ఈ సెక్షను విషయమున గొప్ప శంక కలిగినది. ఈ దేశమున ఇట్టి శాసనము నీచప్రయోజనములకు వినియోగపడునని వారు తమ వ్యాఖ్యలో వ్రాసిరి. నేరము రుజువు కాకున్నను అపవాదు కుటుంబమునకు మచ్చగా మిగులుననియు, దుర్మార్గుల చేతిలో ఇది భయంకర సాధనమగుననియు వారి యభిప్రాయము. శంకించియు శాసించిరి. తరువాతి చరిత్ర ఆ శంకనే సమర్థించినది. నిజాము సంస్థానమున మొదటి సాలారుజంగు నాటినుండి న్యాయస్థానముల సంస్కారము సాగి, ఆంగ్లేయ స్మృతిని అనుసరించిన ఆసఫియా శిక్షాస్మృతి యేర్పడెను. సంస్థానము భారతమున విలీనమైన పిదప, 1951 ఏప్రిలు 1వ తేదీనుండి భారత శిక్షాస్మృతియే ఇచటను వర్తించెను.

పందొమ్మిదవ శతాబ్దపు సంఘసంస్కరణమున భ్రూణహత్యా ప్రసక్తి మఱియొక రూపమును తాల్చెను. బలవంతపు వైధవ్యము వ్యభిచారమునకును, భ్రూణహత్యకును దారితీయునని ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు 1855లో ప్రకటించిన గ్రంథములలో వాదించెను. 1856లో వితంతువివాహ శాసనము వచ్చెను. పూనాలో జ్యోతిరావు ఫూలే 1863లో శిశుహత్యా నివారణగృహమును స్థాపించి, దిక్కులేని బ్రాహ్మణవితంతువులకు రహస్యముగా ప్రసవించుటకు చోటు కల్పించెను. 1881లో సూరతున శిశువును చంపినదను నేరమునకు విజయలక్ష్మి యను వితంతువునకు మరణదండన విధింపగా, అది పిదప తగ్గింపబడెను. ఆ సందర్భమున పత్రికలు స్త్రీజాతినంతను దూషించుట సహింపక తారాబాయి శిందే 1882లో మరాఠీభాషలో స్త్రీపురుషతులన యను గ్రంథమును రచించెను. స్త్రీని పాపమునకు పురికొల్పిన పురుషునకు శిక్షయేది యని ఆమె నిలదీసెను.

తెలుగుదేశమున ఈ భారమును వహించినవాడు కందుకూరి వీరేశలింగము పంతులు. ఆయన 1874లో వివేకవర్ధనిని స్థాపించి, 1879లో వితంతువివాహమును గూర్చి ఉపన్యసించి, 1881 డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహమును జరిపించెను. ఈ సంస్కర్తలెవ్వరును గర్భపాతనమును సమర్థించినవారు కారు. వారికిని అది పాతకమే. అయినను పాతకమునకు కర్త యెవరను విషయమున వారు ప్రాచీనులనుండి వేఱుపడిరి. నేరము వితంతువుది కాదు, ఆమెకు గత్యంతరము లేకుండ చేసిన యాచారముది యని వారి వాదము. స్మృతికర్తలు అడుగని ప్రశ్నను వారడిగిరి. ఈ చర్చలో నైతిక పరివర్తన మొదలైనది శాసనసభలలో కాదు, ఇట్టి పత్రికల పుటలలో.

ఇరువదవ శతాబ్దమున వైద్యము మఱల ముందునకు వచ్చెను. అనంతగిరి కొండలమీద నిజాముల కాలపు క్షయరోగచికిత్సాలయము కలదు. నిర్మలమైన గాలియే ప్రధానౌషధముగా నున్న దినములలో అట్టి చోట్లు వెలసినవి. ఆ కాలపు వైద్యులు పలువురు గర్భభారము క్షయరోగిణికి ప్రాణాంతకమని నమ్మి, ఆమె విషయమున గర్భమును తొలగించుట వైద్యధర్మమని యెంచిరి. 1944లో స్ట్రెప్టోమైసిను వెల్లడియై, తక్కిన మందులును వచ్చిన పిదప ఆ హేతువు క్రమముగా మఱుగుపడెను. తల్లి ప్రాణమునకు అపాయమను మాటకు హద్దు కాలమునుబట్టి మాఱునని దీనివలన తెలియుచున్నది. ఆ హద్దును నిర్ణయించుట వైద్యుని పాలబడెను. 1938లో ఇంగ్లండున బోర్ను అను వైద్యుడు సైనికుల యత్యాచారమునకు గుఱియైన పదునాలుగేండ్ల బాలికకు గర్భమును తొలగించి, తానే ప్రకటించి విచారణకు నిలిచెను. న్యాయస్థానమాతనిని నిర్దోషియని విడిచెను. ప్రాణరక్షణమను మాటలో మనోదేహముల యారోగ్యరక్షణమును చేరునని అప్పుడు తేలినది. సోవియటు రుష్యా 1920లో గర్భపాతనమును అనుమతించి, 1936లో నిషేధించి, 1955లో మఱల అనుమతించెను. ప్రజాసంఖ్య పెరుగవలెనని కోరిన రాజ్యము నిషేధించును, తగ్గవలెనని కోరిన రాజ్యము అనుమతించును అను సందేహమునకు ఈ చరిత్ర తావిచ్చుచున్నది.

మన దేశమునకును ఆ సందేహము వర్తింపకపోదు. 1964లో కేంద్రప్రభుత్వము శాంతిలాల్ షా అధ్యక్షతను ఒక సంఘమును నియమించెను. అది 1966 డిసెంబరున నివేదిక నొసగెను. రహస్యముగా గర్భపాతనము చేయించుకొనువారిలో వివాహితలే హెచ్చని ఆ సంఘము గుర్తించెను. అది వితంతువుల సమస్య మాత్రమే యను పూర్వపు తలంపు ఇట్లు తొలగినది. అప్పటికే పిల్లలు గల గృహిణి, మఱొక కాన్పును మోయలేక, నాటువైద్యురాలి పుల్లకును పసరునకును ప్రాణమును ఒడ్డుచుండెను. 1967లో కేంద్రమున ఆరోగ్య కుటుంబనియంత్రణ శాఖామంత్రియైన శ్రీపతి చంద్రశేఖరుడు జనసంఖ్యాశాస్త్రవేత్త, రాజమహేంద్రవరమున జన్మించిన ఆంధ్రుడు. ఆయన శాసనమును సడలింపవలెనని గట్టిగా వాదించెను. వీరేశలింగము కార్యక్షేత్రమైన నగరముననే పుట్టిన ఈయన వాదమునకు ఆధారము వేఱు. పంతులుగారిది వితంతువు దుఃఖము, ఈయనది ముఖ్యముగా దేశపు జనసంఖ్య.

1969లో రాజ్యసభలో బిల్లు ప్రతిపాదితమైనది. ప్రాణము గర్భధారణ క్షణముననే మొదలగునని నమ్మిన క్రైస్తవ కతోలికులును, ధర్మనీతి సడలునని భయపడినవారును ఎదిరించిరి. వారి వాదమును తేలికగా త్రోసివేయరాదు. బలహీనుల ప్రాణమును బలవంతుల సౌకర్యమునకై తీయరాదను సూత్రము ఏ ధర్మమునకైన పునాది. సమర్థించినవారు తల్లుల మరణములను చూపిరి. నిషేధము గర్భపాతనమును ఆపలేదనియు, దానిని చీకటిలోనికి మాత్రము నెట్టినదనియు వారి సమాధానము. 1971లో శాసనమై, 1972 ఏప్రిలు 1వ తేదీనుండి అమలైన ఆ చట్టము ఆరోగ్యరక్షణము, మానవీయత, సంతానదోష నివారణము అను మూడు హేతువులను చెప్పుకొనినది. పండ్రెండు వారముల వఱకు ఒక వైద్యుని యభిప్రాయము, ఇరువది వారముల వఱకు ఇద్దఱి యభిప్రాయము చాలును. బలాత్కారమువలన కలిగిన గర్భమును, వివాహిత విషయమున నియంత్రణసాధనము విఫలమగుటవలన కలిగిన గర్భమును మనోవేదనకు హేతువులుగా చట్టము స్వీకరించెను. అన్నింటికంటె ముఖ్యమైనది మఱొకటి కలదు. పదునెనిమిదేండ్లు నిండి, మతిస్థిమితముగల స్త్రీ విషయమున ఆమె సమ్మతియొక్కటే చాలును. భర్త యనుమతిని చట్టము కోరలేదు. సుశ్రుతుని కాలపు అధిపతి ఇచట తొలగిపోయెను. కాని ఆ పీఠము ఖాళీగా లేదు, వైద్యుడు దానిపై కూర్చుండెను. స్త్రీ కోరినంతనే కాదు, వైద్యుడు సద్బుద్ధితో అంగీకరించిననే కార్యము జరుగును. శిక్షాస్మృతిలోని నేరము తొలగలేదు. దానికి మినహాయింపు మాత్రము విశాలమైనది. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలోను 88వ సెక్షనుగా ఆ నేరము నిలిచియే యున్నది.

ఈలోగా మనువుయొక్క అవిజ్ఞాతశబ్దమునకు విపరీతకాలము దాపురించెను. ఉమ్మనీటి పరీక్షయు, పిదప ధ్వనితరంగ యంత్రమును గర్భముయొక్క లింగమును తెలియజేసినవి. అవిజ్ఞాతము విజ్ఞాతమైనది. పురుషుడు కావచ్చునను సందేహము తొలగినంతనే ఆడుశిశువునకు కవచము పోయినది. దేశమున ఆఱేండ్లలోపు పిల్లలలో వేయిమంది మగపిల్లలకు 1991లో 945 మంది ఆడుపిల్లలుండగా, 2001లో 927 మంది యైరి. ఆంధ్రప్రదేశమున ఆ సంఖ్య 975 నుండి 961కి తగ్గెను. 1994లో చేసిన లింగనిర్ధారణ నిషేధశాసనము 1996 జనవరి 1వ తేదీనుండి అమలై, 2003లో మఱింత కఠినమైనది. గర్భముయొక్క లింగమును తెలుపరాదని ఆజ్ఞాపించు ఆ శాసనము ఒక విధముగా గర్భమును మఱల అవిజ్ఞాతము చేయుటకే యత్నించుచున్నది. స్మృతికర్త సందేహము పురుషునికై గర్భమును కాపాడగా, నేటి శాసనము అదే సందేహమును స్త్రీకై కాపాడజూచుచున్నది. అయితే ఈ రెండు చట్టములును కలిసి స్త్రీకి చిక్కు తెచ్చిన సందర్భములును కలవు. లింగనిర్ధారణమును అరికట్టు నెపమున న్యాయమైన గర్భస్రావమును నిరాకరించుట శాసనోద్దేశమునకు విరుద్ధము. మొదటిది పరీక్షను నిషేధించునుగాని చికిత్సను నిషేధింపదు.

తరువాతి పరిణామములు శీఘ్రముగా సాగినవి. 2002 నాటి సవరణము చికిత్సాస్థానముల నామోదించు అధికారమును జిల్లా సంఘముల కిచ్చెను. 2009లో సుప్రీముకోర్టు సంతానవిషయమున స్త్రీ నిర్ణయము రాజ్యాంగముయొక్క 21వ అధికరణమందలి వ్యక్తిస్వాతంత్ర్యమున భాగమని చెప్పెను. 2021 సెప్టెంబరు 24వ తేదీనుండి అమలైన సవరణము ఒక వైద్యుని యభిప్రాయమునకు అవధిని ఇరువది వారములకును, కొన్ని వర్గముల స్త్రీలకు ఇద్దఱు వైద్యుల యభిప్రాయముతో ఇరువదినాలుగు వారములకును పెంచెను. వివాహిత, భర్త అను మాటల స్థానమున స్త్రీ, ఆమె భాగస్వామి అను మాటలను ఉంచెను. ఆ వర్గములలో గర్భధారణ కాలమున వైధవ్యము పొందిన స్త్రీయు నొకతె. వీరేశలింగము కాలమున అపరాధినిగా పత్రికలకెక్కిన వితంతువు, నూటనలువదేండ్ల పిదప హక్కుగలదిగా శాసనమున ప్రవేశించెను. 2021 అక్టోబరున తెలంగాణ ఉన్నతన్యాయస్థానము, బలాత్కారమునకు గుఱియైన పదునాఱేండ్ల బాలికయొక్క ఇరువదియాఱు వారముల గర్భమును తొలగించుటకు అనుమతించుచు, పుట్టబోవు శిశువు ప్రాణమును ఆ బాలిక జీవితముకంటె మిన్నగా నుంచరాదని తెలిపెను. 2022 సెప్టెంబరు 29వ తేదీని సుప్రీముకోర్టు అవివాహితలకును ఈ అవధి వర్తించుననెను. 2023 అక్టోబరున అదే న్యాయస్థానము ఒక వివాహితయొక్క ఇరువదియాఱు వారముల గర్భమును తొలగించుటకు అనుమతింపలేదు. శిశువున లోపము లేదనియు, తల్లి ప్రాణమునకు తక్షణాపాయము లేదనియు హేతువులు. కనుక మొదటి ప్రశ్న నేటికిని తీఱలేదు. నాలుగవ మాసము ఇరువదినాలుగవ వారమైనది కాని, గీత గీయక తప్పలేదు.

ఇతర దేశముల చరిత్రయు ఇట్లే యున్నది. అమెరికాలో 1973లో సర్వోన్నతన్యాయస్థానము స్త్రీకొసగిన హక్కును 2022 జూను 24వ తేదీని అదే న్యాయస్థానము ఉపసంహరించుకొని, నిర్ణయమును రాష్ట్రముల కప్పగించెను. ఐర్లండు 1983లో గర్భమునకు తల్లితో సమమైన హక్కును రాజ్యాంగమున చేర్చెను. 2012లో మన బెళగావి ఆడుపడుచగు సవితా హలప్పనవరు, గర్భము నిలువదని తెలిసియు తొలగింపునకు నోచుకొనక, రక్తదోషమువలన ఆ దేశపు ఆసుపత్రిలో మరణించెను. ఆ మరణము ఆ దేశమును కలచివైచెను. 2018లో ప్రజలు ఓటు వేసి ఆ నిబంధనమును తొలగించిరి. ఇందువలన తేలినదేమన, ఈ హక్కు ఒక్కసారి లభించిన శాశ్వతముగా నిలుచునది కాదు. ఒక్కసారి నిరాకరింపబడిన శాశ్వతముగా పోవునదియు కాదు.

వికారాబాదు తాండూరు సీమకు ఈ చరిత్ర యెట్లు అన్వయించును? శాసనము ఢిల్లీలో మాఱవచ్చును. దాని ఫలము పల్లెకు చేరుటకు ఆమోదింపబడిన ఆసుపత్రి, శిక్షితుడగు వైద్యుడు, నోరువిప్పి అడుగగల ధైర్యము కావలెను. తాండూరు నాపరాతి గనులలో కూలిచేయు స్త్రీకిని, కందిచేలలో పనిచేయు స్త్రీకిని, కొండతండాలోని లంబాడీ స్త్రీకిని వారముల లెక్క సులువుగా తెలియదు. తెలిసి, ఇంటివారి నొప్పించి, కూలి మానుకొని బయలుదేఱునప్పటికి అవధి దాటుటయు కలదు. రంగారెడ్డి జిల్లా కార్యాలయములు హైదరాబాదున నుండిన దినములలో జిల్లా సంఘమును దూరముగనే యుండెను. 2016 తర్వాత జిల్లాకేంద్రము వికారాబాదునకే వచ్చినది. దూరము తగ్గుట చిన్న విషయము కాదు. చట్టము భర్త సంతకమును కోరకున్నను, దానిని కోరు అలవాటు దేశమున పలుచోట్ల మిగిలియే యున్నది. తొలగిన అధిపతి అలవాటు రూపమున ఆసుపత్రి గడపలో ఇంకను నిలిచియున్నాడు.

మూడు ప్రశ్నలకును చరిత్ర చెప్పిన సమాధానములను ఒక్కచోట చేర్చిన, మొదటిదానికి గీత మాటిమాటికిని జరుగుచు వచ్చినదనియు, రెండవదానికి వంశముది యను సమాధానము చెల్లకపోయినదనియు, మూడవదానికి అధిపతి, భర్త, న్యాయాధికారి, వైద్యుడు వరుసగా స్థానము వహించిరనియు తేలుచున్నది. గర్భస్థజీవముపై గౌరవమును, తల్లి జీవితముపై గౌరవమును పరస్పర విరుద్ధములని యెంచినంతకాలము ఈ వివాదము తెగదు. సుశ్రుతుడు గర్భిణిని రెండు హృదయములు గలదనెను. పూర్వశాస్త్రములన్నియు ఆ రెండవ హృదయమును గూర్చి విరివిగా వ్రాసినవి. ఆ శాస్త్రములలో నిజముగా అవిజ్ఞాతమై యుండినది మొదటి హృదయము. దానిని తెలిసికొనుటకు వీరేశలింగము కాలమున యత్నము మొదలైనది. ఆ యత్నము నేటికిని ముగియలేదు.